బఠాణీ తండ్రి విషయమై

ఎనిమిది నెలల వయసున్న ఒక కుక్కకు తండ్రిని నియమిస్తూ తార్నాక హంసవేణి రెసిడెన్సీ ఫ్లాట్ల యజమానుల సంఘం గత నెల ఏకగ్రీవంగా తీర్మానం చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పత్రికల వాళ్ళు ఈ వార్తను ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాదు. రోడ్డు మీద గొయ్యి పడితే ఫొటో వేస్తారు, ఇరవై నాలుగు ఫ్లాట్ల వాళ్ళు ఒక్క మాట మీద నిలబడితే మాత్రం వాళ్ళకు పట్టదు. మా భవనంలో నీళ్ళ మోటారు ఎన్ని గంటలకు వేయాలన్న విషయం మీద తొమ్మిదేళ్ళుగా ఏకాభిప్రాయం లేదని తెలిసినవాళ్ళు ఈ తీర్మానం విలువ గుర్తిస్తారు.

నా పేరు రామాంజనేయులు. మాది అనంతపురం. విశ్వవిద్యాలయం పరిపాలనా భవనంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, సహాయ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం పై సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. నా చేతిలో పడిన ఏ కాగితమూ తొందరపడి ముందుకు పోయిన పాపాన పోలేదు.

ఇక కుక్క సంగతి. దాని పేరు బఠాణీ. జూలై వానలకు క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ వెనక మోరీలో కొట్టుకుపోతుంటే సింధూజ అనే పరిశోధక విద్యార్థిని చున్నీ విసిరి పైకి లాగింది. పిడికెడంత ప్రాణి. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒక చెవి వాలిపోయి, మూతి చుట్టూ నెరిసిన గడ్డంతో పింఛను ఆగిపోయిన ఉద్యోగిలా ఉంటుంది. పశువుల డాక్టరు టీకాలు వేసి, పుస్తకంలో ‘జాతి’ అన్న గడి దగ్గర ‘టెర్రియర్ మిక్స్’ అని రాసిచ్చాడు. ఆ మహానుభావుడు ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే మా సంఘానికి ఇంత పని పడేది కాదు.

ఇంతలో విశ్వవిద్యాలయానికి తనిఖీ బృందం వస్తుందని తెలిసింది. తనిఖీ బృందం వస్తే ముందుగా కుక్కల్ని తీసేయడం, తరువాత గోడలకు సున్నం వేయడం నా కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ. సర్క్యులర్ వెలువడింది. పద్దెనిమిదో తేదీ ఉదయం కుక్కల బండి వస్తుంది, హాస్టళ్ళ ఆవరణలో కనబడిన ప్రతి కుక్కనూ ఎక్కించుకుపోతుంది. ఎక్కడికి తీసుకుపోతుందో సర్క్యులర్లో లేదు. మంచి సర్క్యులర్‌కు అదే లక్షణం. పైగా సింధూజ అప్పటికే థీసిస్ సమర్పించింది కనుక హాస్టల్ గది ఖాళీ చేయవలసిన తేదీ కూడా అదే.

ఆ అమ్మాయి కోరిక చిన్నది. తనకూ బఠాణీకీ కలిపి ఒక్క గది కావాలి. నల్లకుంటలో అడిగితే కుక్క వద్దన్నారు. విద్యానగర్‌లో అడిగితే కుక్క ఫరవాలేదు గానీ పెళ్ళికాని ఆడపిల్ల వద్దన్నారు. తార్నాకలో నాలుగు వీధులు తిరిగి, పన్నెండో తేదీ మధ్యాహ్నం మా గేటుకున్న ‘టు లెట్’ బోర్డు చూసి లోపలికొచ్చింది. కుక్క ఆమె బ్యాగులో ఉంది, తల మాత్రం బయటికి పెట్టి మా వాచ్‌మన్ భోజనం వైపు చూస్తోంది.

“అంకుల్, పైన రూమ్ ఉన్నదంట గదా. చూడనీకి వచ్చిన,” అంది.

టెర్రస్ మీద సంఘానికి ఒక గది ఉంది. చూపించాను. కిటికీ తెరిస్తే మెట్రో రైలు కనిపిస్తుంది. అమ్మాయి కిటికీ చూసింది, కుళాయి తిప్పింది, కుక్కను నేల మీద దించింది. అది నాలుగు మూలలూ వాసన చూసి, మధ్యలో చతికిలబడి నా వైపు చూసింది. దరఖాస్తు పెట్టుకోవడం కూడా తెలియని అమాయకపు జంతువు.

“చిన్నది అంకుల్, అరవది. వ్యాక్సిన్లన్నీ అయినయ్. నేను పొద్దున మాపు క్లీన్ చేస్త. పద్దెనిమిదికి రూమ్ దొర్కకపోతే బండోళ్ళు తీస్కపోతరు దీన్ని.”

చివరి మాట అంటూ కుక్కను మళ్ళీ ఎత్తుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది. కానీ మా సంఘం నియమావళిలో జాలికి అధికరణం లేదు. కనుక వెంటనే రెండు ఫైళ్ళు తెరిచాను. ఒకటి కుక్కది, ఒకటి అమ్మాయిది. మనిషినీ కుక్కనూ ఒకే ఫైల్లో పెట్టడం పరిపాలనా రీత్యా తప్పు.

పదమూడో తేదీన సెల్లార్లో అత్యవసర సమావేశం జరిగింది. మా అధ్యక్షులు విష్ణువర్ధన్ గారు. మెట్రో స్టేషన్ దగ్గర పెద్ద కోచింగ్ సెంటర్ ఆయనదే. గ్రూప్స్ రాసే పిల్లలకు సామాజిక న్యాయం అనే పాఠం ఆయన స్వయంగా చెబుతారు. చెబుతుంటే వెనక బెంచీ వాళ్ళకు కూడా కళ్ళు చెమరుస్తాయని ప్రతీతి. ఆయన కుక్క ఫైలు ముందుగా తీయమన్నారు.

టీకా పుస్తకం చేతులు మారింది. ‘మిక్స్’ అన్న మాట దగ్గర అందరూ ఆగారు.

“మిక్స్ అంటే ఏది, ఏది కలిసింది?” అన్నారు మూడో అంతస్తు వారు.

“ఒకటి టెర్రియర్. రెండోది రాయలేదు,” అన్నాను.

“రాయలేదంటేనే తెలుస్తోంది కదా,” అన్నారు ఆయన.

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు రెండో అంతస్తులోని ఒక పెద్దమనిషి ఎంతో క్లిష్టమైన విషయాన్ని ఎంతో సులువుగా తేల్చేశారు. “తల్లి ఎవరైనా సర్దుకోవచ్చు. తండ్రి ఎవరన్నదే ముఖ్యం. మనం ఎక్కడైనా అదే కదండీ చూసేది!” అన్నారు. సెల్లారంతా తలలూపింది. తండ్రి టెర్రియర్ అయితే అది టెర్రియర్ కుటుంబమే, తల్లి వీధిది కావడం దాని దురదృష్టం. అలా కాక తల్లి టెర్రియర్, తండ్రి వీధివాడు అయ్యాడంటే ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టు. అలాంటి సంతానాన్ని పదిమంది ఎక్కే లిఫ్టులో ఎలా ఎక్కిస్తాం?

మా మెట్లు ఊడ్చే బుచ్చవ్వ అప్పుడే చీపురుతో అటు వచ్చింది. పొద్దున మా భవనం, తరువాత లేడీస్ హాస్టల్ ఊడుస్తుంది. ఇన్నాళ్ళూ హాస్టల్ మెస్సులో మిగిలిన అన్నం బఠాణీకి పెట్టింది ఆమే. క్యాంపస్ గోడకు అవతలి బస్తీలో ఒకే ఒక్క గదిలో కొడుకు, కోడలు, ఇద్దరు మనవలతో ఉంటుంది.

“కుక్కకు నాయనెందుకయ్యా? బుక్కెడు బువ్వ పెట్టెటోళ్ళు గావాలె గనీ,” అని, మమ్మల్ని కాళ్ళు పైకెత్తమని, కుర్చీల కింద ఊడ్చుకుని పోయింది. ఆమె సభ్యురాలు కాదు కనుక ఈ వ్యాఖ్యను మినిట్స్‌లో నమోదు చేయలేదు.

కుక్క తండ్రిని నిర్ధారించే బాధ్యత నాకు అప్పగించారు. విశ్వవిద్యాలయంలో నాకున్న పలుకుబడి దృష్ట్యా అది సహజమే. మరునాడు ఉదయం కుక్కను బ్యాగులో వేసుకుని, సింధూజ వెంట రాగా, జంతుశాస్త్ర విభాగానికి వెళ్ళాను. కారిడార్‌లో తనిఖీ బృందం కోసం గాజు సీసాల్లోని పాముల దుమ్ము దులుపుతున్నారు. ఆచార్య సుధామయి గారు బఠాణీని బల్ల మీద నిలబెట్టి, పళ్ళు చూసి, తోక చూసి, చెవులు చూశారు. బఠాణీ ఆమె కళ్ళజోడు నాకింది.

“మంచి ఆరోగ్యంగా ఉంది. ఇంకేం కావాలి?” అన్నారు.

“తండ్రి కావాలి మేడమ్.”

“రామాంజనేయులు గారూ, మిక్స్ అంటే మిక్సే. నాలుగైదు తరాల నుంచి ఎన్ని కలిసి ఉంటాయో! దీని తండ్రి ఎవరో దీని తల్లి కూడా చెప్పలేదు.”

“తల్లి చెప్పక్కర్లేదు, మీరు చెబితే చాలు. లెటర్‌హెడ్ మీద.”

ఆమె నన్ను చూశారు, కుక్కను చూశారు, చివరికి సింధూజను చూశారు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. “రాసియ్యండి మేడమ్, ప్లీజ్. నాలుగు రోజులే ఉన్నయ్,” అంది. ఆమె నిట్టూర్చి రాశారు: ‘ఈ జంతువు తండ్రి టెర్రియర్ అయి ఉండే అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము.’ సంతకం చేశారు. నేను రెండు చోట్ల ముద్ర వేయించుకున్నాను. పాలనా భాష తెలియనివాళ్ళు ఇందులో ఏముందనుకోవచ్చు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఇంతకంటే బలమైన ‘ఔను’ చూడలేదు.

పదిహేనో తేదీ సమావేశంలో ధ్రువపత్రం చదివి వినిపించాను. కరతాళ ధ్వనులు. ‘బఠాణీ అను శునకము తండ్రి వైపు టెర్రియర్ అని ఇందుమూలముగా తీర్మానించడమైనది’ అన్న వాక్యం నేనే కూర్చాను. ఆ తరువాత ఆహారం ప్రస్తావన వచ్చింది. మాది శాకాహార భవనం, గేటు మీద రాసి ఉంటుంది. బఠాణీ మాత్రం ఎముకలు కొరుకుతుందని విచారణలో తేలింది. అధ్యక్షుల వారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, “కుక్క తిండి ప్రకృతి, మనిషి తిండి సంస్కృతి. ప్రకృతిని మనం ఆపలేం,” అన్నారు. ఇలాంటి మాటలు మనబోటివాళ్ళకు తడతాయా? ఆహార నిబంధన సడలించాం.

అక్కడితో ఆగలేదు. ఇంతటి తండ్రి ఉన్న కుక్కను టెర్రస్ మీది గదిలో ఉంచడం భవనానికే చిన్నతనమని ఒకరు అన్నారు. విష్ణువర్ధన్ గారు కుర్చీలోంచి లేచి, ఆ కుక్కను తానే తన అయిదు వందల ఒకటో నంబరు ఫ్లాటులోకి దత్తత తీసుకుంటున్నట్టు ప్రకటించారు. ‘బఠాణీ’ అనేది బండి మీద అమ్ముకునే పేరులా ఉందని, ‘మార్షల్’ అని మార్చారు.

ఇక రెండో ఫైలు. సింధూజను లోపలికి పిలిచాం. ప్లాస్టిక్ కుర్చీ వేశాం, మంచినీళ్ళిచ్చాం. మాది మర్యాదస్తుల భవనం. ఏం చదువుతున్నావమ్మా అంటే నాచుమొక్కల మీద పీహెచ్‌డీ అంది. ఏ ఊరు అంటే జనగామ దగ్గర పల్లె అంది. నాన్న పేరు ఉప్పలయ్య, అమ్మ పేరు కాశమ్మ అంది. ఇంటిపేరు చెప్పింది. ఇంటిపేరుతో ఏమీ తేలలేదు. అది మూడు నాలుగు రకాల వాళ్ళకు ఉంటుంది. అందరూ నా వైపు చూశారు. ఇలాంటి సందర్భాల్లో అడిగే పని నాదే.

“ఇంతకూ మీరేమిట్లమ్మా?” అన్నాను, నవ్వుతూ, మామూలుగా.

ఆ పిల్ల కూడా నవ్వింది. “మాది లవ్ మ్యారేజ్ ఫ్యామిలీ అంకుల్. అమ్మది ఒకటి, నాయనది ఒకటి,” అని రెండూ చెప్పింది.

అమ్మది విన్నప్పుడు సభ్యులు సంతోషించారు. మాలో ముగ్గురికి దగ్గరిదే. నాన్నది విన్నాక ఒకరు మంచినీళ్ళు తాగారు. ఇద్దరు సెల్ఫోన్లు చూసుకున్నారు. రెండో అంతస్తు పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు గానీ, ఆయన చెప్పవలసింది రెండు రోజుల క్రితమే చెప్పి ఉన్నారు కనుక మళ్ళీ చెప్పవలసిన అవసరం రాలేదు. కొంతమంది మమ్మల్ని ఆడిపోసుకుంటారని తెలుసు. అయ్యా, కుక్కకు ఏ నిబంధనో మనిషికీ అదే నిబంధన పెట్టాం. తండ్రి వైపే చూశాం. ఇంతకంటే సమానత్వం ఎక్కడుంది?

“టెర్రస్ గదిలో నీళ్ళు కారుతున్నాయమ్మా. మరమ్మతు చేయించాలి,” అని చెప్పాను. “మొన్న చూసిన గదా అంకుల్, కారలే,” అంది. “నిన్నటి నుంచి,” అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఫైల్లో చూశాను. కుక్కకు ఇల్లు ఖాయమైందని మాత్రం సంతోషంగా చెప్పాను. ఆమె రెండు చేతులతో మొహం రుద్దుకుని, “సరే, అదన్న బతికిపోయింది. మంచిగ చూస్కోండ్రి,” అని వెళ్ళిపోయింది.

పదహారో తేదీ ఉదయం నా బల్ల మీద ఒక దరఖాస్తు ఉంది. చక్కటి దస్తూరి. విషయం, సూచిక, జతపరచినవి, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. సూచిక దగ్గర మా పదిహేనో తేదీ తీర్మానం సంఖ్య వేసింది. ‘పై తీర్మానం ద్వారా మీ సంఘానికి తండ్రులను నియమించే అధికారం కలదని తెలిసి సంతోషించితిని. నా విషయంలో కూడా తమకు అనుకూలమైన తండ్రిని ఒకరిని తీర్మానించి, టెర్రస్ గది ఇప్పించవలసిందిగా ప్రార్థన. మా నాయనకు ఫోన్ చేసి అడిగితిని. పద్దెనిమిదో తేదీ దాటిన తరువాత తిరిగి ఆయననే నియమించే పక్షంలో అభ్యంతరం లేదన్నారు.’

ఇలాంటి కాగితం నా సర్వీసులో ఎన్నడూ రాలేదు. తల ప్రాణం తోకకొచ్చింది. వెటకారం అందామా అంటే ప్రతి అక్షరం నిబంధనల ప్రకారం ఉంది. రోజంతా కూర్చుని జవాబు తయారుచేశాను: ‘మీ తల్లిదండ్రులు ఇరువురూ సజీవులు. అడిగినచో వివరములు చెప్పగలవారు. కావున మీ విషయమున ఊహించుటకు సంఘమునకు ఆస్కారము లేదు. తండ్రి ఎవరో తెలియకపోవుట అను వెసులుబాటు కుక్కకు కలదు, మీకు లేదు. చింతిస్తున్నాము.’ చదివి అధ్యక్షుల వారు నా భుజం తట్టారు.

పదిహేడో తేదీ సాయంత్రం దత్తత మహోత్సవం. గేటుకు ఫ్లెక్సీ కట్టాం. ఫ్లెక్సీలో విష్ణువర్ధన్ గారు ఆరడుగులు, కుక్క అరచేయంత. ఆచార్య సుధామయి గారిని ఆహ్వానించాం, రాలేదు. కుక్కకు శాలువా కప్పితే అది శాలువాలోంచి అవతలికి నడిచిపోయింది.

అధ్యక్షుల వారు మైకు అందుకున్నారు. “మిత్రులారా! ఈ లోకంలో కులం చూడకుండా, గోత్రం చూడకుండా ప్రేమించే ప్రాణి ఒక్కటే, కుక్క! మనిషి దాని దగ్గర నేర్చుకోవలసింది ఎంతైనా ఉంది! ఈ మూగజీవి గుండెకు గుండె తగిలించి నేను అడుగుతున్నాను, మనం ఎప్పుడు నేర్చుకుంటాం?” అన్నారు. చప్పట్లతో సెల్లారు మోగిపోయింది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడు నేర్చుకుంటామన్నది ఎజెండాలో లేదు కనుక తరువాతి అంశానికి వెళ్ళాం.

సింధూజ కుక్కను అందించింది. అందించి, వెనక్కి తీసుకుని, దాని వాలిపోయిన చెవిలో ఏదో చెప్పి, మళ్ళీ అందించింది. రెండోసారి ఏడ్చేసింది. ఆ ఏడుపు ఫొటోలో రాకుండా కత్తిరించాం. ఎక్కడుంటావమ్మా అని మర్యాదకు అడిగాను. “బుచ్చవ్వ రమ్మన్నది. రూమ్ దొరికేదాంక,” అంది. ఆరోమనిషికి ఆ గదిలో కాళ్ళు చాపుకునే చోటు ఎక్కడుందో నాకు తెలియదు. అది మా సంఘం పరిధిలోకి రాదు.

మరునాడు కుక్కల బండి క్యాంపస్‌లో తిరిగి ఖాళీగా పోయింది. కుక్కలకు ఎవరు చెప్పారో గానీ ఒక్కటీ కనబడలేదు. తనిఖీ బృందం వెళ్ళిపోగానే అన్నీ తిరిగొచ్చాయి. మా మార్షల్ మాత్రం అయిదో అంతస్తులో దిండు మీద ఉన్నాడు. దిండు బాగుంది, గిన్నె బాగుంది, మెడకు పట్టీ బాగుంది. అయితే ఏం లాభం? మూడు రోజులు మెతుకు ముట్టలేదు. ‘మార్షల్’ అని ఎంత పిలిచినా తనను కాదన్నట్టు తలుపు వైపే చూసేవాడు. విష్ణువర్ధన్ గారు సామాజిక న్యాయం పాఠం వీడియో తీసుకుంటుంటే సరిగ్గా ‘సోదరభావం’ అన్న దగ్గర ఊళ పెట్టాడట. మూడుసార్లు తీసినా అక్కడే పెట్టాడట.

నాలుగో రోజు ఉదయం నీళ్ళ ట్యాంకరు కోసం గేటు తెరిచారు. అంతే! ట్యాంకరు కింద నుంచి, వాచ్‌మన్ కాళ్ళ మధ్య నుంచి, చౌరస్తాలో ఆటోల నడుమ నుంచి ఉడాయించాడు. మేము వెంటనే గోడల మీద కాగితాలు అంటించాం: ‘తప్పిపోయినది. టెర్రియర్ (తండ్రి వైపు).’ రెండు రోజులు ఒక్క కబురూ లేదు. మూడో రోజు మెట్లు ఊడుస్తూ బుచ్చవ్వే చెప్పింది. “మీ కుక్క మా ఇంటికాడ పన్నదయ్యా,” అని.

అధ్యక్షుల వారి తరఫున నేను, మూడో అంతస్తు వారు ధ్రువపత్రం పట్టుకుని బస్తీకి వెళ్ళాం. గది బయట గడప దగ్గర బఠాణీ ఒక ఎముకను రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని ఎంతో ఏకాగ్రతతో పనిచేసుకుంటోంది. లోపల సింధూజ బుచ్చవ్వ మనవళ్ళకు ఎక్కాలు చెబుతోంది. మమ్మల్ని చూసి బఠాణీ గుర్రుమంది. ఎవరి మీదా ఎన్నడూ అరవని కుక్క.

“ఈ కుక్క మీద సంఘానికి హక్కుంది. మీ దగ్గర ఏ కాగితం ఉందో చూపించండి,” అన్నాను.

బుచ్చవ్వకు కోపమొచ్చింది. “కాయిదమేందయ్యా? అది ఉరుక్కుంట వచ్చింది, ఉన్నది. ఆకలైతే తింటది, నిద్రొస్తె పంటది. మా కోడలు కసిరిచ్చి సూసింది, పోలే. ఇగ మనదే అన్నది. నీకు గావాలంటె నువ్వే పిలువు, వస్తె తీస్కపో!”

పిలిచాను. మార్షల్ అన్నాను, రాలేదు. గత్యంతరం లేక బఠాణీ అన్నాను. తోక ఊపింది గానీ ఎముక వదల్లేదు. బస్తీ పిల్లలు చుట్టూ చేరి నవ్వడం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేదు. ధ్రువపత్రం తెరిచి, తండ్రి టెర్రియర్ అయి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్న వాక్యం పైకి చదివాను.

సింధూజ లేచి గడప దాకా వచ్చింది. కుక్కను ఎత్తుకుంది.

“అంకుల్, తండ్రిని మీరు తీస్కపోండ్రి. అంత కష్టపడి తెచ్చుకున్నరు. కుక్క మాతాన ఉంటది,” అంది.

ధ్రువపత్రం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాం. దానికి అద్దం కట్టించి సెల్లార్లో తగిలించాం. ఒక ఉన్నతమైన తండ్రి మా భవనంలో ఉన్నాడన్న తృప్తి అయినా మిగిలింది. ఎవరైనా వస్తే చూపిస్తున్నాం.

టెర్రస్ మీది గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గాలి, వెలుతురు పుష్కలం. నీళ్ళు కారడం లేదు, ఎన్నడూ కారలేదు. మీకు తెలిసిన మంచి కుటుంబం ఏదైనా ఉంటే నాకు కబురు చేయండి. ఇదే మాట ఇప్పటికి వంద మందికి పైగా చెప్పాను. చదువుకున్నవాళ్ళు, ఆచార్యులు, మీలాంటి పెద్దలు. అందరూ చూస్తామన్నారు. మంచి కుటుంబం అంటే ఏమిటని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.